వర్ధంతి ప్రకటనలో భార్య పేరు ఎక్కడ?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీల్లో రోజూ వచ్చే శ్రద్ధాంజలి, వర్ధంతి ప్రకటనల గురించి ఈ లేఖ. ఎనభై, తొంభై ఏళ్లు నిండుగా బతికి వెళ్లిన పెద్దాయన ఫొటో ఉంటుంది. పక్కన ‘అజాతశత్రువు’, ‘స్నేహశీలి’, ‘మీ ఆశయాలే మాకు మార్గదర్శకం’ అని ఉంటుంది. కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, ముని మనుమల దాకా పేర్లు ఉంటాయి. ఆయనతో యాభై, అరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి మాత్రం చాలాసార్లు ‘భార్య’ అన్న ఒక్క మాటగా మిగిలిపోతుంది. ఆమె పేరు ఉండదు. ఆయన ఆమెను ఎలా చూసుకున్నాడో ఆ వీధిలో అందరికీ తెలుసు, కాని అందులో ఒక్క ముక్క కూడా అచ్చులోకి రాదు.

పెద్దవాళ్ల సంస్మరణ సంచికలకు రాత పని, ప్రూఫు పని చూసే వాళ్లం మేము. మంచి భర్తగా బతికిన మనిషి గురించి రాయాలంటే మొదటి మాట ఆయన భార్య నోటి నుంచే రావాలని మా గట్టి నమ్మకం. ఆ మాటను ఎలా రాబట్టాలో, ఎక్కడ పాడవుతుందో, అచ్చు దాకా ఎలా కాపాడుకోవాలో మీ పాఠకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. చింతామన్ దేశ్‌ముఖ్ 1943లో రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు అయ్యారు. 1950 నుంచి 1956 దాకా కేంద్ర ఆర్థిక మంత్రిగా, ఆ తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులుగా, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ఈ పదవులు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. 1953 జనవరి 22న ఆయన మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిని పెళ్లాడారు. 1981 మేలో ఆమె పోయేదాకా 28 ఏళ్లు కలిసి బతికారు. ఇంట్లో ఆయన ఎలాంటి మనిషో బయటివాళ్లకు తెలిసే దారి ఉందంటే, తమ జీవితం గురించి దుర్గాబాయి స్వయంగా ఇంగ్లీషులో పుస్తకం రాశారు గనుక. ఆమె రాయకపోతే మిగిలేది పదవుల జాబితాయే. పుస్తకం రాసే వీలు అందరికీ ఉండదు. నాలుగు పూటలు కూర్చుని చెప్పే వీలు, చెప్పింది రాసిపెట్టే మనుమడో మనుమరాలో చాలా ఇళ్లలో ఉంటారు.

ఎప్పుడు అడగాలి అన్నది మొదటి చిక్కు. పెద్దకర్మ అయ్యేదాకా ఆమెను కదిలించకూడదు. వచ్చేపోయే వాళ్లందరికీ చివరి రోజుల సంగతే చెప్పి చెప్పి ఆమె మనసులో అప్పటికి ఆసుపత్రి తప్ప మరేమీ ఉండదు. ఆ పది రోజుల్లో అడిగితే అరవై ఏళ్ల కాపురం ఆఖరి పదిహేను రోజుల జబ్బుగా రాతలోకి దిగుతుంది. అలాగని సంవత్సరీకం దాకా ఆగినా నష్టమే, ఆమెకూ వయసు మీద పడుతోంది. నెల, రెండు నెలలు గడిచాక మొదలుపెట్టడం మేలు. ఉదయం టిఫిన్ అయ్యాక, ఒక పూటకు ముప్పై నలభై నిమిషాలకు మించకుండా, రోజు విడిచి రోజు నాలుగు పూటలు చాలు. భోజనం తరువాత వద్దు.

అడగడానికి కొడుకులు, కూతుళ్లు పనికిరారు. ‘అది మాకు తెలిసిందే కదమ్మా’ అని వాళ్లే జవాబు చెప్పేస్తారు, లేదా ‘అలా కాదు, అప్పుడు మనం ఆ ఊళ్లో లేము’ అని మధ్యలో దిద్దుతారు. మనుమరాలు అడిగితే నానమ్మ మొదటి నుంచి, విడమర్చి చెబుతుంది. మిగతావాళ్లు గదిలో లేకపోవడమే మంచిది.

‘తాతయ్య ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడు’ అంటుంది. అక్కడితో ఆగిపోతుంది. పని గురించి అడగాలి. పొద్దున ముందు ఎవరు లేచేవారు? కాఫీ ఎవరు కలిపేవారు? నీకు జ్వరమొస్తే పొయ్యి ఎవరు వెలిగించేవారు? జీతం ఎవరి చేతికి ఇచ్చేవారు? నీ పుట్టింటికి ఎన్నాళ్లకోసారి తీసుకెళ్లేవారు? కాన్పులప్పుడు ఎక్కడున్నారు? కోపం వస్తే ఎన్ని రోజులు మాట్లాడేవారు కాదు, ఎవరు ముందు పలకరించేవారు? ఈ కోపం ప్రశ్నను వదలొద్దు. అలిగిన సంగతీ, రాజీ పడ్డ సంగతీ ఉంటేనే చదివేవాళ్లు మిగతాది కూడా నమ్ముతారు. ఒక్క తప్పూ లేని మనిషిని ఎవరూ ఊహించుకోలేరు.

ఆమె ‘అదేం పెద్ద విషయంలే’ అని ఏదో చెప్పబోయి ఆగితే, అక్కడే నెమ్మదిగా మళ్లీ అడగాలి. కీళ్ల నొప్పులు మొదలయ్యాక బావి దగ్గర నీళ్లు ఆయనే తోడిపోశారనీ, బీపీ మాత్రలు ఉదయానివీ రాత్రివీ వేరు చేసి కాగితాల్లో మడిచి పెట్టేవారనీ, సూదిలో దారం ఎక్కించి నాలుగైదు సూదులు దిండుకు గుచ్చి ఉంచేవారనీ, ఇలాంటివన్నీ ఆ మాట వెనకే ఉంటాయి. ఆ తరం మగవాళ్లు ప్రేమను నోటితో చెప్పింది తక్కువ. చేతులతో చేసిందే ఎక్కువ.

ఆ వయసు ఆడవాళ్లు చాలామంది భర్త పేరు పలకరు. ‘మావారు’, ‘ఆయన’, ‘పెద్దోడి నాన్న’ అంటారు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. రాతలోనూ ఆమె అన్నట్టే ఉంచాలి. ‘ఆయనొచ్చిండు’ అని ఆమె అంటే ‘వారు విచ్చేసిరి’ అని దిద్దే మేధావి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ దిద్దుబాటుతో ఆమె గొంతు పోతుంది, ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం మిగులుతుంది. ఏడుపు వస్తే రికార్డింగు ఆపేసి, మంచినీళ్లిచ్చి, ఊరికే కూర్చోవాలి. ఆ పూటకు చాలు అనిపిస్తే చాలించాలి.

రికార్డింగుకు ఫోను చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మధ్యలో ఫోన్ వచ్చి రికార్డింగు తెగిపోతుంది, ఆ సంగతి పూట అయిపోయాక గాని తెలియదు. ఫ్యాను కట్టేయాలి. మన చెవికి అలవాటైపోయిన ఫ్యాను చప్పుడు రికార్డింగులో మెల్లని మాటను మింగేస్తుంది. ఫోనును ఆమెకు మూరెడు దూరంలో, కింద మడత తువ్వాలు వేసి పెడితే బల్ల అదురు దిగదు. మొదటి రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆపి, విని చూసుకుని ముందుకు పోవాలి. గంట మాటను కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది. దానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

ఇక తేదీలు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. బడిలో వేసిన పుట్టినరోజు చాలామందికి అసలుది కాదు. జూన్ 1, జూలై 1 అని కనిపిస్తే బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసినదేమోనని అనుమానించాలి. అసలుది తెలుగు సంవత్సరం పేరుతో దొరుకుతుంది. ‘బహుధాన్య, మాఘమాసం’ అని తాటాకు మీదో పాత పద్దుపుస్తకంలోనో ఉందనుకోండి. బహుధాన్య 1938 ఉగాదికి మొదలైంది గనుక చాలామంది 1938 అని వేసేస్తారు. కాని మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోయింది, అది 1939 జనవరిలో మొదలై ఫిబ్రవరిలోకి వస్తుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం అని ఉంటే ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

వయసు రాయడంలో కూడా ఒక ఏడాది తేడా వస్తుంటుంది. దేశ్‌ముఖ్‌నే తీసుకుంటే 1896 జనవరి 14న పుట్టి, 1982 అక్టోబర్ 2న హైదరాబాద్‌లో కన్నుమూశారు. నిండినవి 86 ఏళ్లు, నడుస్తున్నది 87వ ఏడు. ‘86వ ఏట’ అని రాస్తే తప్పు. సహస్ర చంద్ర దర్శనం చేసుకున్నారని రాసేముందు కూడా లెక్క వేయాలి. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. వెయ్యి పున్నములకు 80 ఏళ్ల 10 నెలలు. ఎనభై నిండగానే వేడుక చేసి ఉంటే వేడుక జరిగిన తేదీని మాత్రం రాయండి, వెయ్యి పున్నముల లెక్క జోలికి పోవద్దు.

పెళ్లి తేదీకి శుభలేఖను మించిన ఆధారం లేదు. తేదీ, తిథి, వారం మూడూ దానిలో ఉంటాయి. శుభలేఖ వేయించని పెళ్లిళ్లయితే అందరికీ గుర్తుండే సంఘటనలను ఆనవాలుగా పట్టుకోవాలి. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967 ఆగస్టుకు ముందా, తరువాతా? దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరుకు పెద్దపిల్ల పుట్టిందా? అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని జనం హడలిపోయిన 1979 జూలైలో ఏ ఊళ్లో ఉన్నారు? గోదావరి వాళ్లకయితే 1979, 1991, 2003 పుష్కరాలు, కృష్ణ ఒడ్డువాళ్లకయితే 1980, 1992, 2004 పుష్కరాలు. ‘ఏ సంవత్సరం?’ అంటే తెలియదనే ముసలమ్మ ‘ఆ పుష్కరాలకు చంటిది చంకలో ఉందా?’ అంటే వెంటనే చెబుతుంది.

మరణ సమయాన్ని గంటతో సహా రాసిపెట్టుకోవాలి. తిథి అర్ధరాత్రికి మారేది కాదు, పగలో రాత్రో ఏ వేళయినా మారవచ్చు. తేదీ ఒక్కటే పురోహితుడికి చెబితే ఆబ్దికం ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడికకు ఇంగ్లీషు తేదీయే ఆధారం గనుక ఆ ఇబ్బంది లేదు.

ఆయన దాచిన ఫైలు కూడా తెరిచి చూడాలి. పత్రిక ప్రకటనలో వేసే పేరు, మరణ ధ్రువపత్రంలో పేరు, ఆధార్‌లో పేరు, పెన్షన్ కాగితంలో పేరు ఒకే తీరున ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే ఆమె కుటుంబ పెన్షన్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. మరణం 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు, ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి అవసరమవుతాయి. ఆ ఫైలులోనే ఆయన గురించి రాయదగిన సంగతులు దొరుకుతాయి. పెన్షన్ కాగితాల్లో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఇద్దరిలో ఎవరు ఉన్నా డబ్బు తీసుకునేలా తెరిచిన జాయింటు ఖాతా, బీమా పాలసీలో నామినీగా ఆమె పేరు, ఇల్లు ఆమె పేరిట రాసిన దస్తావేజు. తాను లేని రోజున ఆమె ఎవరి ముందూ చేయి చాచకూడదని ఇరవై ఏళ్ల ముందే ఆలోచించిన మనిషిని ‘అజాతశత్రువు’ అని ఊరుకుంటే సరిపోతుందా?

ప్రకటన విషయానికి వస్తే, రెండు కాలమ్‌ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చోటులో ఫొటో, పేర్లు పోను ముప్పై నలభై మాటలు పడతాయి. అందులో పొగడ్తలు తీసేస్తే నిజమైన సంగతికి చోటు దొరుకుతుంది. నమూనాకు ఇలా రాయవచ్చు:

‘ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరు. ఏ డ్యూటీ అయినా ఇంటికొచ్చాకే భోజనం. భార్య (పేరు) గారికి చూపు మందగించాక తొమ్మిదేళ్లు రోజూ ఉదయం ఆమెకు పేపరు చదివి వినిపించారు. ఆమె పెంచిన మల్లెపాదుకు చివరి వారం దాకా ఆయనే నీళ్లు పోశారు.’

సరిగ్గా ముప్పై మాటలు. ‘స్నేహశీలి’ అని వేరే చెప్పనక్కర లేదు. కింద వేసే పేర్లలో భార్య పేరు మొదటి వరుసలో, ఒంటరిగా, మిగతావాటికంటే ఒక సైజు పెద్ద అక్షరంలో ఉండాలి.

ఫొటో ఆసుపత్రి రోజులది వద్దు. అరవై, డెబ్భై ఏళ్ల మధ్య, వెనక ఖాళీ గోడ ఉన్నది మంచిది. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటోలోంచి ఆమెను కత్తిరించి ఆయన్ను మాత్రం వేసే అలవాటు ఒకటుంది. ఆయన భుజం మీద ఆమె చీర అంచు మిగిలిపోతుంది, చూడటానికి మనసొప్పదు. ఇద్దరి ఫొటోనే వేయండి. పాత ఫొటోను సెల్‌ఫోనుతో ఫొటో తీయకుండా స్కాన్ చేయించాలి. అచ్చులో 5 సెంటీమీటర్ల వెడల్పు రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 600 పిక్సెళ్లు ఉండాలి. పాస్‌పోర్టు సైజు ఫొటో అయితే 600 డీపీఐతో స్కాన్ చేయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. న్యూస్‌ప్రింటు మీద సిరా పరుచుకుని నీడలు నల్లబడతాయి గనుక ముఖం కాస్త తెల్లబరచి ఇవ్వమని డీటీపీ అబ్బాయికి ముందే చెప్పాలి.

ఫోనులో టైపు చేసి పంపిన తెలుగు చాలా ప్రెస్సుల్లో ‘అను’ అనే పాత తెలుగు అక్షరాల ఫాంట్లలోకి మారుతుంది. ఆ మార్పిడిలో కొన్ని అక్షరాలు చెదురుతాయి. ‘లక్ష్మి’లో మ వొత్తు జారిపోతుంది, ‘స్త్రీ’ విడిపోతుంది, ‘ఇంజనీర్‌గా’ అన్నది ‘ఇంజనీర్గా’ అయిపోతుంది. అందుకే ప్రూఫు ఫోను తెరమీద కాకుండా కాగితం మీద తీసుకోవాలి. ఒకరు మూలప్రతిని గట్టిగా చదవాలి, ఒకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. పేర్ల కోసం ఒకసారి, అంకెల కోసం ఒకసారి విడిగా చూడాలి. పాత ప్రకటన మీద కొత్త పేర్లు ఎక్కించేటప్పుడు బతికి ఉన్న మనిషి పేరు ముందు ‘కీ.శే.’ మిగిలిపోతే ఆ ఇంటికి తగిలే దెబ్బ మాటల్లో చెప్పలేం. అందుకని ‘కీ.శే.’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో చివర్లో మరోసారి వెతకాలి.

చిన్న సంచిక వేయదలచుకున్నవాళ్లు పెద్దకర్మకు పంచాలని తొందరపడొద్దు. పది రోజుల్లో వచ్చేది ఫొటోల ఆల్బమే. ప్రథమ వర్ధంతికి పెట్టుకుంటే తీరిగ్గా అవుతుంది. ఏ5 సైజులో 32 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు (అచ్చువేసి మడిచే పెద్ద కాగితాలు) రెండు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, లేకపోతే చివర తెల్లకాగితాలు మిగులుతాయి. లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 250 జీఎస్ఎం ఆర్టు కార్డు సరిపోతాయి. పేజీకి 180 నుంచి 200 మాటలు, 13 పాయింట్ల అక్షరం. చదివేవాళ్లలో సగం మంది కళ్లజోడు వాళ్లే. వంద కాపీల లోపయితే డిజిటల్, మూడొందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. ఆమె మాటలకు తక్కువలో తక్కువ పది పేజీలు కేటాయించాలి. నాయకుల సందేశాలకు అందులోంచి కోత పెట్టకూడదు.

అచ్చుకు ప్లేటు వేయకముందు మొత్తం ఆమెకు చదివి వినిపించాలి. ఆమె తీసేయమన్న మాట, అది ఎంత బాగున్నా, తీసేయాలి. జబ్బు వివరాలు, అప్పుల సంగతులు, అన్నదమ్ముల తగాదాలు ఆమె ఒప్పుకుంటేనే ఉంచాలి. భార్య ముందే పోయిన ఇళ్లలో ఆ మాటలు ఆమె చెల్లెలో, పెద్ద కూతురో, చాలాకాలం ఇంట్లో పనిచేసిన మనిషో చెప్పగలరు.

సంపాదకులు గారూ, మీ చేతిలోనూ కొంత ఉంది. ప్రకటనలు తీసుకునే ఫారంలో ‘భార్య లేక భర్త పేరు’ అని ఒక గడి అన్నిటికంటే పైన పెట్టించండి. ఖాళీగా వదిలితే ఒక్కసారి అడగమని కౌంటరులో సిబ్బందికి చెప్పండి. వారానికొకసారి, ఆదివారం జిల్లా పేజీలో, 150 మాటలకు మించని ఒక చోటు ఇవ్వండి. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు, భార్యను పోగొట్టుకున్న పెద్దాయన తమ తోడు గురించి తమ యాసలో చెప్పింది అక్కడ వేయండి. పదవులు, బిరుదులు వద్దు, ఇంట్లో చేసిన పని ఒకటి చెప్పమనండి. రాయలేనివారి మాట మీ విలేకరి ఫోనులో రికార్డు చేసుకుని రాసినా సరే. వేసేముందు ఒకసారి వాళ్లకు చదివి వినిపిస్తే చాలు. కావలసిన వారికి ప్రశ్నల పట్టిక, ప్రూఫు సాయం రుసుము లేకుండా ఇవ్వడానికి మేము సిద్ధం.

ఇట్లు,
సంస్మరణ సంచికల రాత, ప్రూఫు పనులు చూసే కొందరు,
తెనాలి